బొటనవేలి ముద్ర

శనివారం రాత్రి

పొద్దున కాఫీ కూడా పెట్టుకోకుండా కింది బాత్రూమ్ తలుపు తీశాను. షవర్ కడ్డీకి వేలాడుతున్న నా కిట్ రైఫిల్ బారెల్ (గొట్టం) నిండా సన్నటి నారింజ రంగు తుప్పు, పసుపు చల్లినట్టు! ప్రాణం లేచొచ్చింది. ఈ పెన్సిల్వేనియా చలికాలంలో హీటర్ ఆగదు, ఇంట్లో గాలి పెదవులు పగిలేంత పొడిగా ఉంటుంది. కావాలనే తుప్పు పట్టించే ఆమ్లం నిన్న రెండు పూతలు వేసినా తుప్పు పట్టలేదు. అందుకే రాత్రి టబ్బులో వేడినీళ్ళు నింపి, తలుపు మూసి పడుకున్నాను. కాకినాడలో ఈ తిప్పలు ఉండేవి కావు. అక్కడ ఉప్పుగాలికి కిటికీ ఊచలు ఊరికే తుప్పుపట్టేవి, అమ్మ ఏటా రంగు వేయించేది.

బారెల్‌కి నేను చేస్తున్న ఈ బ్రౌనింగ్ అంటే రంగు పూయడం కాదు. తుప్పును మనమే రప్పించి, పైపొడిని స్టీల్ ఊల్‌ (ఉక్కు పీచు)తో రాల్చేసి, ఇనుమును గట్టిగా పట్టుకున్నదాన్ని మాత్రం ఉంచుకోవడం. ఇలా ఆరేడుసార్లు చేస్తే వక్క రంగు తేలుతుంది. ఆఖర్న వంటసోడా నీళ్ళతో కడిగి ఆమ్లం పని ఆపి, నూనె పట్టించాలి. ఆ పొర నూనెను పట్టి ఉంచుతుంది, ఎండలో మెరవదు. మెరిసే బారెల్ జింకకు దూరం నుంచే కనిపిస్తుంది మరి. 18వ శతాబ్దంలో లాంకాస్టర్‌లో జర్మన్ కమ్మర్లు చేసిన ఈ రైఫిల్‌కి కెంటకీ పేరు ఎందుకు నిలిచిపోయిందో అని నాకు ఇప్పటికీ బాధే. పుట్టింది ఇక్కడ.

వెలుతురులో తిప్పి చూస్తే ఎనిమిది పలకల్లో ఒకదాని మీద, వెనక చివర, తెల్లగా ఒక మచ్చ. నా బొటనవేలి ముద్రే. గీతలతో సహా! తుపాకీ మందు అంటుకునే చిన్న రంధ్రంలోకి నీళ్ళు పోకుండా పుల్ల బిగించేటప్పుడు గ్లోవ్ తీశాను. చేతి జిడ్డు ఉన్నచోట తుప్పు పట్టదు. కాస్త రుద్ది పూత వేస్తే సరిపోతుందేమో అనిపించింది కానీ, అతుకు ఎప్పటికీ కనిపిస్తుంది. ఆ పలక మొత్తం 320 నంబరు గరుకు కాగితంతో తెల్లగా రుద్దేసరికి మధ్యాహ్నం మూడయింది. భుజం ఇంకా లాగుతోంది.

మిగతా పొద్దు గురి చూసే వెనక సైటు, నాలుగు మరలతో గడిచింది. వీటికి రస్ట్ బ్లూయింగ్, అంటే నీలినలుపు తెప్పించడం. మొదలు ఇదే తుప్పు, కానీ తర్వాత డిస్టిల్డ్ వాటర్‌లో మరిగించాలి. కుళాయి నీళ్ళైతే మరకలు పడతాయి. గిన్నె మీద వంగి చూస్తూ కూర్చున్నాను. ఎర్రటి పొడి నిమిషాల్లో మఖ్మల్‌లా నల్లబడింది. ఎర్ర ఆక్సైడ్ నల్ల ఆక్సైడ్‌గా మారడం పదో తరగతిలో బట్టీపట్టాను, కళ్ళతో చూసింది మాత్రం ఇవాళే. పై మసి రాల్చితే కింద నీలం కలిసిన నలుపు. ఇంకో నాలుగుసార్లు చేస్తే చిక్కబడుతుంది.

సాయంత్రం నాచేత ఈ రైఫిల్ కిట్ మొదలుపెట్టించిన పక్కింటి పెద్దాయన వచ్చారు. తెల్లబడ్డ పలకను చూసి ఏమీ అడగలేదు. తన అలమారాలోంచి గ్లోవ్స్ డబ్బా తెచ్చి వాష్‌బేసిన్ పక్కన పెట్టి వెళ్ళారు.

ఇప్పుడే ఆ పలకను అసిటోన్‌తో తుడిచి పూత వేశాను. పల్చగా, ఒకే వైపు, వెనక్కి తిప్పకుండా. టబ్బు నిండుతోంది. అలారం ఆరింటికి.