పెదనాన్నగారికి రెండడుగుల ముందు

మా పెదనాన్నగారికి నీటికాసుల వల్ల చూపు పూర్తిగా పోయి ఆరేళ్లయింది. రాజోలు దగ్గర కాలువ గట్టు మీదున్న మా ఊళ్లో ఆయన రోజూ తెల్లవారుజామున తెల్లకర్ర పట్టుకుని టీ కొట్టు దాకా వెళ్లి వస్తారు. ఎవరూ కావాలని పెంచకపోయినా మా వాకిట్లోనే పెరిగిన నల్లకుక్క ఒకటి ఆయనకు రెండడుగుల ముందు నడుస్తుంది. సిమెంటు రోడ్డు మీద దాని గోళ్ల చప్పుడు వింటే గట్టు ఎక్కడ మలుపు తిరిగిందో తెలుస్తుందని ఆయన అంటారు.

కిందటి కార్తిక మాసంలో ఆ కుక్క నీళ్లు తాగడానికి రేవు మెట్లు దిగింది. చప్పుడు వెంటే అడుగు వేసిన పెదనాన్నగారు నాచు పట్టిన మెట్టు మీద జారి కాలువలో పడ్డారు. స్నానాలకు వచ్చినవాళ్లు పైకి లాగారు కనుక మోకాలి దెబ్బతో బయటపడ్డారు. ఇంట్లో అందరూ కుక్కను తిట్టారు కానీ, దాని తప్పేమిటో నాకు అర్థం కాలేదు. దానికి ఆయన మీద ప్రేమ ఉంది. తన వెనుక చూపులేని మనిషి వస్తున్నాడని, ఆ మనిషి అడుగు కూడా తన బాధ్యతేనని దానికి నేర్పినవారు మాత్రం లేరు.

ఆ నేర్పడం ఎలాగో తెలుసుకోవాలని అప్పటినుంచి చదువుతున్నాను. మొదటి ప్రపంచ యుద్ధంలో చూపు పోయిన సైనికుల కోసం 1916లో జర్మనీలోని ఓల్డెన్‌బర్గ్‌లో మార్గదర్శక కుక్కల శిక్షణాలయం మొదలైంది. 1928లో మోరిస్ ఫ్రాంక్ అనే చూపులేని అమెరికా యువకుడు స్విట్జర్లాండ్‌లో శిక్షణ పొందిన బడ్డీ అనే కుక్కతో తిరిగివచ్చి న్యూయార్క్‌లో రద్దీ వీధి దాటి చూపించాడు. మరుసటి ఏడాదే అమెరికాలో అలాంటి కుక్కలకు శిక్షణ ఇచ్చే సీయింగ్ ఐ సంస్థ ఏర్పడింది.

అలాంటి కుక్కపిల్ల మొదట ఏడాదికి పైగా ఒక కుటుంబంలో పెరిగి, బజార్లకూ బస్సులకూ జనానికీ అలవాటు పడుతుంది. ఆ తరువాత కొన్ని నెలలు శిక్షకుడి దగ్గర, మరికొన్ని వారాలు తాను దారి చూపబోయే మనిషితో కలిసి నేర్చుకుంటుంది. సిగ్నల్ దీపాలు చూసి రోడ్డు దాటిస్తుందని నేను అనుకునేవాణ్ణి. కుక్క కంటికి ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలియదు. వాహనాల చప్పుడు విని ఎప్పుడు దాటాలో మనిషే నిర్ణయించి ముందుకు నడవమంటాడు, ఆ క్షణంలో బండి వస్తున్నా, ఎదురుగా గొయ్యి ఉన్నా కుక్క ఆ మాట వినకుండా నిలబడిపోవాలి. చెప్పిన మాట వినడం చాలా కుక్కలకు నేర్పవచ్చు, ఎప్పుడు వినకూడదో నేర్పడమే ఈ విద్యలో అన్నిటికన్నా కష్టమని నాకు అనిపించింది. తలకు తగిలేవాటి సంగతీ అంతే. నేల మీద ఉన్నదాన్ని కర్ర పట్టేస్తుంది గానీ, వాలిన కొబ్బరి మట్టనూ, ట్రాక్టరులోంచి పొడుచుకొచ్చిన వెదురు బొంగునూ పట్టలేదు. తాను సులువుగా దూరిపోగల చోట కూడా మనిషి ఎత్తును లెక్కలోకి తీసుకుని పక్కకు తప్పించడం ఆ కుక్కకు అభ్యాసం చేయిస్తారు.

ఆసుపత్రులలో, బడులలో రోగుల పక్కన, పిల్లల పక్కన కూర్చుని వాళ్ల మనసు కుదుటపరిచే థెరపీ కుక్కల పని వేరు. వాటికి కావలసింది నెమ్మదితనం, కొత్తవాళ్లు నిమిరినా బెదరని స్వభావం. దారి చూపే కుక్కను పని మీద ఉండగా ఎవరూ నిమరకూడదు, పిలవకూడదు, దానికి తిండి పెట్టకూడదు.

దారి చూపే కుక్కను మా ఊరికి తెద్దామంటే, రోహిణి కార్తెలో కాలే రోడ్డు మీద దట్టమైన బొచ్చున్న లాబ్రడార్ జాతి కుక్కను నడిపించడం దానికి హింసే. పైగా మా ఊళ్లో వీధికొక కుక్కల గుంపు ఉంటుంది. కొత్త కుక్క కనబడితే అవి మీద పడతాయి, ఆ గొడవలో దాని ఒంటి పట్టీకున్న పిడి పట్టుకున్న మనిషి ఏమవుతాడు? అమెరికాలో 1990 నాటి వికలాంగుల చట్టం కింద సహాయ కుక్కతో హోటలుకూ దుకాణానికీ వెళ్లే హక్కు ఉంది. ఇక్కడ కుక్క గుమ్మం దాటితేనే మా పెద్దమ్మ ఇల్లు కడుగుతుంది. కనుక కుక్క ఒక్కటి వస్తే చాలదు, దానికి తగినట్టు ఊరూ మారాలి.

రేవు దగ్గర ఇనుప కడ్డీలు వేయించమని పంచాయతీకి అర్జీ ఇచ్చాను. గొట్టాలు వచ్చాయి, ఇంకా పాతలేదు. అంతవరకు తెల్లవారుజామున నేనో, మా తమ్ముడో పెదనాన్నగారి వెంట వెళుతున్నాం. రేవు దగ్గరికి రాగానే ఆయన "ఆగు" అని, మా నల్లకుక్క ఆగితే జేబులోంచి బిస్కెట్టు ముక్క తీసి ఇస్తున్నారు. నిన్న రెండుసార్లు ఆగింది, ఈ రోజు ఆగకుండా మెట్లు దిగిపోయింది.