దూరం, విమాన ప్రయాణ సమయం: ఈ లెక్కల్లో మార్కులు ఎక్కడ పోతాయంటే

హనుమకొండలో గ్రూప్స్‌కి, ఎస్సెస్సీకి, రైల్వేకి కలిపి చదువుతున్న మిత్రులకు. రేఖాంశాలను జాగ్రఫీలో, కాలం-దూరాన్ని అర్థమెటిక్‌లో విడివిడిగా చదువుతాం. రెండూ కలిసిన ప్రశ్న రాగానే చాలామంది ఆగమవుతారు. దూరపు నగరాల మధ్య విమాన ప్రయాణాన్ని పట్టుకుని సాధన చేస్తే రెండూ ఒకేసారి వస్తాయి.

భూమి గంటకు 15 డిగ్రీలు, అంటే డిగ్రీకి 4 నిమిషాల చొప్పున తిరుగుతుంది. మన ప్రామాణిక రేఖాంశం 82½° తూర్పు, గ్రీనిచ్ కంటే 5.30 గంటలు ముందు. వరంగల్ సుమారు 79.6° మీద ఉంది. తేడా 2.9ని 4తో గుణిస్తే 11.6. అంటే సూర్యుడి లెక్కన మన ఊరు గడియారం కంటే దాదాపు 12 నిమిషాలు వెనక. ప్రశ్నలో స్థానిక కాలం అడిగాడా, ప్రామాణిక కాలం అడిగాడా అన్నది ముందే చూసుకోవాలి.

ఇక అసలు లెక్క. శంషాబాద్‌లో ఉదయం 7 గంటలకు బయలుదేరిన విమానం జనవరిలో లండన్‌లో అక్కడి టైం మధ్యాహ్నం 12కు దిగిందనుకుందాం. 12లోంచి 7 తీసేసి 5 గంటలు అని గుర్తు పెట్టేవాళ్లే ఎక్కువ. అలా కాకుండా బయలుదేరిన టైంని కూడా గ్రీనిచ్‌కి మార్చండి: 7.00 కాస్తా 1.30 అవుతుంది. 12.00లోంచి 1.30 పోతే పదిన్నర గంటలు. రెండు టైంలూ ఒకే గడియారంలోకి వచ్చేదాకా తీసివేత జోలికి పోవద్దు. జనవరి అని ఊరికే చెప్పలేదు: మార్చి చివరి ఆదివారం నుంచి అక్టోబర్ చివరి ఆదివారం దాకా బ్రిటన్ గడియారం గంట ముందుకు జరుగుతుంది, అప్పుడు మనకూ వాళ్లకూ తేడా 4.30 గంటలే.

దూరానికి వస్తే, అక్షాంశం ఒక డిగ్రీ సుమారు 111 కిలోమీటర్లు. హైదరాబాద్ 17.4°, ఢిల్లీ 28.6°, రేఖాంశాలు దాదాపు ఒకటే. 11.2ని 111తో గుణిస్తే 1,243. ఆకాశ దూరం కూడా 1,250 దగ్గరే. కానీ ఇదే 111ని రేఖాంశాలకు వాడితే తప్పు. భూమధ్యరేఖ దాటి పైకి పోయేకొద్దీ అవి దగ్గరపడి, 60° అక్షాంశం వద్ద డిగ్రీ 55.5 కిలోమీటర్లే అవుతుంది.

గాలి లెక్క పడవ-ప్రవాహం లెక్కే. విమానం వేగం 850, గాలి 100, దూరం 5,700 అనుకోండి. ఎదురుగాలిలో 750 వేగంతో 7.6 గంటలు, గాలివాటున 950 వేగంతో 6 గంటలు. రానుపోను సగటు 850 కాదు, 11,400ని 13.6తో భాగిస్తే సుమారు 838.

పడమరకు ఎక్కువసేపు పట్టడానికి భూమి తిరగడం కారణమని ఆప్షన్ ఇస్తే పెట్టొద్దు. వాతావరణం కూడా భూమితోపాటే తిరుగుతుంది. అసలు కారణం పడమర నుంచి తూర్పుకు వీచే జెట్ స్ట్రీములు. 2016లో ఎయిరిండియా ఢిల్లీ-శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ దారి నుంచి పసిఫిక్ దారికి మార్చింది. దూరం పెరిగినా గాలివాటున ప్రయాణ సమయం తగ్గింది. ఆ దారిలో తూర్పుకు పోతూ అంతర్జాతీయ దినరేఖ దాటుతారు కాబట్టి తేదీలో ఒక రోజు తీసేయాలి, పడమరకు దాటితే ఒక రోజు కలపాలి.