పొద్దున ఏడూ ముప్పావుకి

ఆ పెద్దాయన ఇంట్లో నాకు మొదట్లో అర్థం కానిది రేడియో ఒక్కటే. నేను తలుపు తీసేసరికే బీబీసీ రేడియో 4లో వార్తలు వస్తూ ఉండేవి. ఆయనకు మేజోళ్ళు తొడుగుతుంటే మంత్రుల ఇంటర్వ్యూలు, చొక్కా గుండీలు పెడుతుంటే క్రికెట్ సంగతులు. ఏడూ ముప్పావు దాటగానే చెయ్యెత్తి "ఆపెయ్" అనేవారు. ఆపేదాన్ని. మూడు నిమిషాలు పోయాక గోడ గడియారం చూసి "ఇప్పుడు పెట్టు" అనేవారు. రోజూ ఇంతే. రెండు వారాలు చూసి, ఇక ఉండబట్టలేక అడిగాను. "ఆ మూడు నిమిషాల్లో నాలాంటివాళ్ళకు చోటు లేదు" అన్నారు.

నేను ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో కేరర్‌ని, ముసలివాళ్ళ ఇళ్ళకు వెళ్ళి వాళ్ళ పనులు చూసే మనిషిని. 2022 చివర్లో కేర్ వర్కర్ వీసా మీద వచ్చాను. పొద్దున ఆరున్నరకల్లా మొదటి ఇంటి ముందు ఉండాలి. గోడకు బిగించిన చిన్న పెట్టెలో నంబర్ నొక్కితే తాళంచెవి వస్తుంది. లోపలికి వెళ్ళిన టైం, బయటికి వచ్చిన టైం ఫోన్‌లో నమోదు చేయాలి. లేపడం, స్నానం, మాత్రలు, టిఫిన్, పడక సర్దడం. ఒక్కో ఇంటికి అరగంట, మహా అయితే ముప్పావుగంట. ఇంటికీ ఇంటికీ మధ్య కొండలెక్కి దిగే టైంకి మొదటి ఏడాది నాకు జీతం రాలేదు. ఈ దేశాన్ని నేను చూసింది ఎక్కువగా ముసలివాళ్ళ పడకగదుల్లోంచి, విన్నది వాళ్ళ రేడియోల్లోంచి.

పెద్దాయన ఆపించేది, పొద్దుటి మూడు గంటల వార్తా కార్యక్రమం 'టుడే' మధ్యలో వచ్చే 'థాట్ ఫర్ ది డే' అనే శీర్షిక. 1970 నుంచి వస్తోంది. ఆనాటి వార్తల్లో ఒక విషయం తీసుకుని, తన మతం వైపు నుంచి ఎవరో ఒకరు మూడు నిమిషాల లోపు మాట్లాడతారు. బిషప్పులు, యూదు రబ్బీలు, ముస్లిం పండితులు, సిక్కులు, హిందువులు, బౌద్ధులు అందరూ వస్తారు. ఏ మతమూ లేనివాళ్ళు రారు. లక్షలమంది టీ తాగుతూ, బస్సుల్లో వెళ్తూ వినే సమయం అది. 2002లో నాస్తికుడైన శాస్త్రవేత్త రిచర్డ్ డాకిన్స్ చేత అలాంటి ప్రసంగం ఒకటి చేయించారు, అయితే అసలు సమయంలో కాదు, ఒక గంట తర్వాత. 2009లో మతం లేనివాళ్ళు చేసిన ఫిర్యాదులను అప్పట్లో బీబీసీని పర్యవేక్షించిన బీబీసీ ట్రస్ట్ కొట్టేసింది. అది మతపరమైన శీర్షిక, అందులో మతేతరులు లేకపోవడం నిష్పాక్షికతకు విరుద్ధం కాదు అని తేల్చింది. ఈ సంగతులన్నీ పెద్దాయనకు కంఠతా వచ్చు. స్కూల్లో కెమిస్ట్రీ చెప్పి రిటైరయిన మనిషి, తొంభై దాటాయి, చేతులు వణుకుతాయి, మాట మాత్రం స్పష్టం.

ఆయన కేర్ ఫైల్లో మతం అన్న గడి ఉంది. అక్కడ 'హ్యూమనిస్ట్' అని, అంటే దేవుణ్ణి కాక మనిషిని నమ్ముకున్నవాణ్ణని, పెద్ద అక్షరాలతో రాయించుకున్నారు. నా గురించి ఏజెన్సీలో ఎవరూ అడగలేదు, పేరు చూసి నిర్ణయించేశారు. "నువ్వు హిందువువి కదా, క్రిస్మస్ రోజు పని చేస్తావుగా" అని డ్యూటీలు వేసే అమ్మాయి మంచిగానే అంది. చేశాను, ఇప్పటికీ చేస్తాను. ఆ రోజు ఒంటరిగా ఉండే ముసలివాళ్ళ ఇళ్ళకు వెళ్ళడం నాకిష్టం. కానీ నేను హిందువును కాను. మా అమ్మవాళ్ళ నాన్న కృష్ణా జిల్లాలో నాస్తికవాది గోరా గారి సభలకు సైకిల్ మీద వెళ్ళిన మనిషి. దేవుడి గురించి రాసిన ఒక వ్యాసానికి 1933లో కాకినాడ కాలేజీలో గోరా గారి ఉద్యోగం పోయిన సంగతి, 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టిన సంగతి తాతయ్య చెబితేనే నాకు తెలుసు. అదే తాతయ్య పొద్దున్నే విజయవాడ రేడియోలో భక్తిరంజని ఒక్కరోజు కూడా ఆపనిచ్చేవాడు కాదు. పాట అయ్యేవరకు కళ్ళు మూసుకుని కూర్చునేవాడు. అందుకే, రేడియో ఆపించే ఈ ఇంగ్లీషు నాస్తికుడు మొదట్లో నాకు కొంచెం మొండిమనిషిగా కనిపించాడు.

ఆ అభిప్రాయం మారింది ఆయన 1955 గురించి చెప్పిన రోజున.

అప్పుడు ఆయనకు ఇరవై రెండేళ్ళు. జనవరిలో, బీబీసీ హోమ్ సర్వీస్‌లో మార్గరెట్ నైట్ అనే ఆవిడ మాట్లాడింది. అబర్డీన్ యూనివర్సిటీలో సైకాలజీ చెప్పే ఆవిడ. దేవుడి ప్రసక్తి లేకుండా పిల్లలకు మంచీ చెడూ నేర్పవచ్చు, ఎలాగంటే ఇలా, అని తల్లిదండ్రులకు చెప్పింది. అంతే. బీబీసీ మొదటి అధిపతి జాన్ రీత్ ఒక చర్చి పాస్టరు కొడుకు. ఆదివారాలు రేడియోలో ప్రార్థనలు, గంభీరమైన కార్యక్రమాలు తప్ప వినోదం ఉండకూడదని పట్టుబట్టిన మనిషి. ఆయన కట్టిన సంస్థలో అలాంటి గొంతు వినబడటం చాలామంది తట్టుకోలేకపోయారు. సండే గ్రాఫిక్ అనే పత్రిక ఆవిడ ఫోటో వేసి, ఈవిడ మామూలు గృహిణిలా కనిపిస్తుంది, నమ్మకండి, ప్రమాదకరమైన మనిషి అని రాసింది. అయినా రెండో ప్రసంగం ఆగలేదు, వారానికి వచ్చింది.

"మా అమ్మ సెట్ కట్టెయ్యడానికి లేచింది. నేను అడ్డం నిలబడ్డాను. నా బుర్రలో ఎప్పట్నుంచో ఉన్న మాటలు రేడియోలోంచి వస్తున్నాయి. నేనొక్కణ్ణే పిచ్చివాణ్ణి కాదని ఆ రోజు తెలిసింది" అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. డెబ్బై ఏళ్ళ కిందటి ఒక సాయంత్రాన్ని, ఒక గొంతును అంత పదిలంగా దాచుకున్న మనిషి రోజూ ఆ మూడు నిమిషాలు రేడియో ఎందుకు ఆపిస్తాడో అప్పుడు అర్థమైంది. మతం మీద కోపంతో కాదు, ఒకసారి తెరుచుకున్న తలుపు మళ్ళీ మూసుకుందని బాధతో.

ఆయన ఇంటి నుంచి నాలుగు వీధుల అవతల ఇంకో పెద్దావిడ ఉంది. ఆవిడ మెథడిస్టు, క్రైస్తవుల్లో ఒక శాఖ. తుంటి విరిగినప్పటి నుంచి చర్చికి వెళ్ళలేదు. పావుతక్కువ పదికి ఆవిడకు రేడియోలో 'డైలీ సర్వీస్' కావాలి. ఒక కీర్తన, బైబిల్ నుంచి కాస్త, ప్రార్థన, అంతా కలిపి పదిహేను నిమిషాలు. 2024 ఏప్రిల్‌లో అది రేడియో 4 లాంగ్ వేవ్ నుంచి రేడియో 4 ఎక్స్‌ట్రాకు మారింది, అది డిజిటల్ సెట్లలోనే వస్తుంది. ఆవిడ పాత సెట్లో రాలేదు. రెండు రోజులు ఆవిడ సరిగ్గా తినలేదు. కొడుకు కొత్త సెట్ తెచ్చిస్తే, నేను ఆ స్టేషన్ పెట్టి, బటన్ మీద ఎర్ర స్టిక్కర్ అంటించాను. మర్నాడు కీర్తన మొదలవగానే ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. వదలలేదు. టైం దాటిపోతోందని ఫోన్ మోగుతున్నా కదలకుండా కూర్చున్నాను.

ఆ కార్యక్రమం ఎలా పుట్టిందో ఆవిడే చెప్పింది. 1920ల్లో మిస్ కార్డ్యూ అనే ఒక శ్రోత, రోగుల కోసం, ఒంటరివాళ్ళ కోసం రేడియోలో రోజూ ప్రార్థన పెట్టమని పట్టువదలకుండా అడిగిందట. 1928 జనవరి 2న మొదలైంది. అప్పటి నుంచి నడుస్తూనే ఉంది.

అందుచేత, రేడియోలోంచి మతాన్ని తీసెయ్యాలి అనేవాళ్ళతో నేను ఏకీభవించలేను. తీసేస్తే ఆ పెద్దావిడ పొద్దుట ఏం మిగులుతుంది? కానీ ఇంకో మాట కూడా వింటూ ఉంటాను: మిగతా మూడు గంటల కార్యక్రమమంతా మతం లేనిదే కదా, ఆ మూడు నిమిషాలైనా మతానికి ఉండనివ్వండి అని. ఇది న్యాయంగా అనిపిస్తుంది గానీ సరికాదు. వార్తలు వార్తలే, నాస్తికత్వం కాదు. మంత్రి పన్నుల గురించి మాట్లాడటం వల్ల, దేవుడు లేడనుకునే మనిషి కన్నకొడుకు పోతే ఎలా బతకాలో ఎవరికీ తెలియదు. ఎందుకు మంచిగా ఉండాలి, తప్పు చేస్తే ఎవరిని క్షమాపణ అడగాలి, చావు దగ్గరికొస్తే దేన్ని పట్టుకోవాలి, ఈ ప్రశ్నలు మాకూ ఉన్నాయి. 2021 జనాభా లెక్కల్లో ఇంగ్లండ్, వేల్స్‌లో క్రైస్తవులమని చెప్పుకున్నవాళ్ళు 46.2 శాతం, ఏ మతమూ లేదని చెప్పినవాళ్ళు 37.2 శాతం. వీళ్ళందరికీ చావులుంటాయి.

నాకూ వచ్చింది. 2023లో మా నాన్న పోయారు. నేను బయల్దేరినా మూడో రోజుకు గానీ చేరలేను, సాయంత్రానికే అంతా అయిపోతుంది. వీడియో కాల్‌లో చూశాను. మర్నాడు డ్యూటీకి వెళ్ళాను, వెళ్ళకపోతే ఇంట్లో ఒక్కదాన్నే ఉండాలి. ఫోన్ చేసిన ప్రతి ఒక్కరూ, నాన్న స్వర్గానికి వెళ్ళారు, దేవుడి దగ్గర సుఖంగా ఉంటారు అన్నారు. ప్రేమతోనే అన్నారు. కానీ అలా అన్న ప్రతిసారీ ఫోన్ పెట్టేశాక నాకు ఇంకా ఒంటరిగా అనిపించేది. నేను నమ్మని చోట మా నాన్నను పెట్టేస్తున్నారు.

పెద్దాయన నా మొహం చూసి విషయం అడిగారు. చెప్పాను. ఆయన భార్య అంతకు ఆరేళ్ళ ముందు పోయింది. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నారు: "ఆమె ఇప్పుడు ఎక్కడా లేదు. కానీ మేం కలిసి బతికిన నలభై తొమ్మిదేళ్ళు ఉన్నాయి. అవి జరిగాయి. జరిగినదాన్ని జరగలేదనడం ఎవరి వల్లా కాదు, చావు వల్ల కూడా కాదు. మీ నాన్న నిన్ను పెంచాడు. అది జరిగింది."

ఆ రోజు రేడియో ఆపమని చెప్పడం ఆయన మర్చిపోయారు. రేడియోలో ఎవరో మాట్లాడుతూనే ఉన్నారు, మేమిద్దరం వినలేదు. నాకు కావలసిన మాట అప్పటికే దొరికింది. తర్వాత చాలాసార్లు అనుకున్నాను, నాకు ఆ ఇంట్లో పని పడకపోయి ఉంటే ఆ మాట ఎక్కడ దొరికేది? ఎంతమంది నాలాగా, బస్సులో, వేరేవాళ్ళ వంటింట్లో, ఆ ఉదయం ఆ మాట కోసం చూస్తూ ఉంటారు?

పోయిన చలికాలం ముందు ఆయన బీబీసీకి ఒక ఉత్తరం రాయించారు. చేతులు వణుకుతాయి కాబట్టి ఆయన చెబుతుంటే నేను కంప్యూటర్లో కొట్టాను. వారంలో ఒక్కరోజు ఆ మూడు నిమిషాలు మతం లేనివాళ్ళకు ఇవ్వండి, మిగతా రోజుల్ని ముట్టుకోవద్దు అన్నదే సారాంశం. 2003 కమ్యూనికేషన్స్ చట్టం టీవీ ప్రజాప్రసారాల గురించి చెబుతూ 'మతం, ఇతర విశ్వాసాలు' అని రెండింటినీ పక్కపక్కన రాసిందని గుర్తు చేశారు. చివర్లో, "నీ పేరు కూడా పెట్టొచ్చు, నువ్వూ లైసెన్స్ ఫీజు కడుతున్నావుగా" అన్నారు. నిజమే, రేడియోకి 1971 నుంచి విడిగా లైసెన్స్ లేదు గానీ, మా ఇంట్లో టీవీకి ఏడాదికి 169.50 పౌండ్లు నలుగురం పంచుకుని కట్టేవాళ్ళం, బీబీసీ రేడియో నడిచేది దాంతోనే. కానీ నేను పెట్టలేదు. వీసా ఉద్యోగానికి ముడిపడి ఉంది. పరాయి దేశంలో మతం గురించి ఉత్తరం మీద నా పేరు కనిపిస్తే ఏమవుతుందోనని భయం. ఏమీ కాదని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం గుండె దడదడలాడింది. ఆయన బలవంతం చేయలేదు.

ఫిబ్రవరిలో ఆయన పోయారు. ప్రార్థన లేకుండా, ఒక హ్యూమనిస్ట్ నడిపిన వీడ్కోలు. పాత విద్యార్థులు ముగ్గురు మాట్లాడారు. నేను యూనిఫాంలోనే, రెండు ఇళ్ళ మధ్య దొరికిన టైంలో వెళ్ళి వెనక వరసలో నిలబడ్డాను.

ఇప్పుడు ఏడూ ముప్పావుకి నేను ఇంకో ఇంట్లో ఉంటున్నాను. అక్కడా రేడియో 4 మోగుతుంది. ఎవరూ ఆపమనరు. నేను వింటాను. ఒక్కోసారి ఆ రబ్బీయో, ఆ బిషప్పో చాలా మంచి మాట చెబుతారు, దాన్ని పట్టుకుని రోజంతా పని చేస్తాను.

మొన్న ఆదివారం సెలవు. కంప్యూటర్ ముందు కూర్చుని నా ఉత్తరం నేను రాసుకున్నాను. కేరర్‌ననీ, మా తాతయ్య భక్తిరంజని వినే నాస్తికుడనీ, మా నాన్న పోయిన ఉదయం నాకు ఎలాంటి మాట కావలసి వచ్చిందో అదీ రాశాను. చట్టాల ఊసు ఎత్తలేదు, అది పెద్దాయన రాయించారు. 'జరిగినదాన్ని జరగలేదనడం ఎవరి వల్లా కాదు' అన్న మాట రాసి, ఇది నాది కాదు, తొంభై ఏళ్ళు దాటిన ఒక స్కూలు మాస్టారిది, ఇలాంటివి చెప్పగలిగినవాళ్ళు మీ ఊళ్ళలో ఇంకా చాలామంది ఉంటారు, వాళ్ళను పిలవండి అని అడిగాను. కింద ఇంటిపేరుతో సహా నా పూర్తి పేరు రాసి పంపాను.