లూప్ లైన్‌లో 22 నిమిషాలు

"క్రాసింగ్ ఉందట, పావుగంట ఆగాలి" అన్నారు పెట్టెలో ఎవరో. ఆ పావుగంట కాస్తా 22 నిమిషాలైంది.

ఒంటి లైను కదా. ఎదురుగా వచ్చే ఎక్స్‌ప్రెస్‌కు దారివ్వాలంటే మా ప్యాసింజర్ స్టేషన్‌లో పక్కకు చీలే పట్టా, అంటే లూప్ లైన్‌లో ఒదిగి నిలబడాల్సిందే. ప్లాట్‌ఫారం మా రైలు కంటే పొట్టిది. మా పెట్టె దాన్ని దాటిపోయి కంకర పక్కన ఆగింది. ఒక పెద్దావిడ ముందు సంచీని కిందికి జారవిడిచి, చివరి మెట్టు మీద కూర్చుని, నెమ్మదిగా దిగింది. ఎన్నేళ్ల అలవాటో!

ఎక్స్‌ప్రెస్ వేళకు స్టేషన్ మాస్టర్ పచ్చజెండాతో గది బయటికి వచ్చారు. (ఇందాక టికెట్లు ఇచ్చిందీ ఆయనే.) ఆ బండి ఇక్కడ ఆగదు. అయినా చివరి పెట్టె వెనక గుర్తు కనబడేదాకా ఆయన చూపు తిప్పలేదు. అది కనబడితేనే బండి మొత్తం వచ్చినట్టు లెక్క, మధ్యలో ఏ పెట్టే తెగి వెనక ఉండిపోలేదని.

ఇలాంటి స్టేషన్ల పేర్లు చదవడం పూర్తికాకముందే నేనెప్పుడూ దాటిపోయేవాణ్ణి. ఇవాళ తీరిగ్గా చదివాను. పేరు కింద సముద్రమట్టం నుంచి ఎత్తు కూడా రాసి ఉంది.