పొద్దుటి రైలు మా ఆవిడది

పెళ్లయిన కొత్తలో ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేస్తుంటే స్కాట్లాండ్ గాయని షీనా ఈస్టన్ క్యాసెట్ దొరికింది. బేరమాడి పదిహేను రూపాయలకి తెచ్చాను. అందులో ఒక పాట మా ఇంట్లో తెగ మోగేది. తనవాడు పొద్దున్నే రైలెక్కి పనికి పోతే, సాయంత్రం మళ్లీ ఆ రైలు దిగేదాకా ఎదురుచూసే అమ్మాయి పాట అది. అర్థం చెప్పగానే మా ఆవిడ, "ఈవిడకి పగలంతా వేరే పనేం ఉండదాండీ? గ్యాస్ బండ కూడా అయిపోదా?" అంది.

ఆ పాట బ్రిటన్‌లో 'నైన్ టు ఫైవ్' పేరుతో వచ్చింది. అమెరికాలో అప్పటికే అక్కడి గాయని డాలీ పార్టన్ పాట అదే పేరుతో ఉండడంతో అక్కడ 'మార్నింగ్ ట్రైన్' అని మార్చారు. 1981లో ఆ దేశంలో రెండూ నంబర్ వన్ అయ్యాయి. ఇంకో సంగతి, మా ఆవిడ ఇప్పటికీ నమ్మనిది: రాసింది ఫ్లోరీ పామర్ అనే ఆవిడే, మగవాళ్లు కాదు.

పాడినామె మాత్రం ఎవరికోసమో ఇంట్లో కూర్చున్న మనిషి కాదు. గ్లాస్గో దగ్గర బెల్స్‌హిల్‌లో 1959లో పుట్టింది. ఆరుగురిలో ఆఖరిది. ఉక్కు ఫ్యాక్టరీలో పనిచేసే తండ్రి ఆమెకి పదేళ్లప్పుడు పోయాడు. ఆ సంసారాన్ని తల్లే ఈదుకొచ్చింది. ఈ పిల్ల పగలు గ్లాస్గోలో సంగీత, నాటక అకాడమీలో చదువుకుంటూ, రాత్రిళ్లు క్లబ్బుల్లో పాడేది. ఈస్టన్ అనేది మొదటి భర్త ఇంటిపేరు. ఆ కాపురం ఏడాదైనా నిలవలేదు, పేరు మాత్రం నిలిచిపోయింది.

1980లో బీబీసీ 'ది బిగ్ టైమ్' కార్యక్రమం ఆమె గాయని అయ్యే ప్రయత్నాన్ని చూపించింది. అంతకుముందే వచ్చిన ఆమె పాట 'మోడరన్ గర్ల్' పెద్దగా ఆడలేదు. టీవీలో చూశాక జనం 'నైన్ టు ఫైవ్' కొన్నారు, వెనకే పాతదాన్నీ లేపారు. రెండూ ఒకేసారి టాప్ టెన్‌లో! తమాషా ఏమిటంటే, ఆ 'మోడరన్ గర్ల్' ఉద్యోగం చేసుకునే పిల్ల. ఏ మగాడి చుట్టూ తన బతుకు తిప్పుకోదు. రైలు కోసం ఎదురుచూసే పిల్లా, ఈ పిల్లా ఒకే గొంతులో ఎలా ఇమిడారో అని నాకు ఇప్పటికీ ముచ్చటే.

తర్వాత జేమ్స్ బాండ్ సినిమాకి పాట, గ్రామీ అవార్డు, అమెరికన్ గాయకుడు ప్రిన్స్‌తో పాటలు. బాండ్ సినిమా టైటిల్స్‌లో పాడిన మనిషే తెరమీద కనిపించడం అదే మొదటిసారి. అవన్నీ గొప్పే గానీ, నాకు ఆ రైలు పాటే దగ్గర.

ఎందుకంటే 2003లో హైదరాబాద్‌లో ఎంఎంటీఎస్ లోకల్ రైళ్లు వచ్చాక మా ఇంట్లో పాట తిరగబడింది. నేను జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పి మూడింటికల్లా ఇల్లు చేరేవాణ్ణి. ఆవిడ పొద్దున్నే చందానగర్‌లో ఎక్కి బేగంపేటలో ఆఫీసుకి పోయేది. సాయంత్రం ప్లాట్‌ఫామ్ మీద ఎదురుచూపులు నావి. స్కూటర్ బయట, ఆ పాట నోట్లో.

ఒకరోజు రైలు నలభై నిమిషాలు లేటు. జనంలో నలిగి దిగింది. నా కూనిరాగం విని, బ్యాగు నా చేతిలో పెట్టి, "పాట తర్వాత పాడుదురుగానీ, గ్యాస్ బుక్ చేశారా?" అంది.

చెయ్యలేదు.