ఒమాహాలో నాకైన క్షవరం

ముందే చెబుతున్నా, ఊరి మీద నాకేం కోపం లేదు. కోపమంతా ఆ ముప్పై డాలర్ల మీదే.

కిందటేడు మే నెలలో మా ఆవిడా నేనూ అమ్మాయి దగ్గరికి అమెరికాలోని ఒమాహా వెళ్లాం. మనవరాలికి మూడో నెల. హైదరాబాద్, దోహా, షికాగో మీదుగా పోయిన ఆ ప్రయాణం గురించి అందరూ రాసేదే కాబట్టి నేను రాయను. న్యూజెర్సీలో ఉండే మా తోడల్లుడి కొడుకు ఫోన్ చేసినప్పుడల్లా "బాబాయ్, ఒమాహా చాలా చవకైన ఊరు, చెల్లి వాళ్లు అదృష్టవంతులు" అంటుంటాడు. నిజమే, రెండు బెడ్‌రూముల ఫ్లాటుకి అమ్మాయి వాళ్లు నెలకి 1,450 డాలర్లు కడుతున్నారు, అతను ఒక్క బెడ్‌రూముకే రెండువేల పైన కడుతున్నాడట.

నాలుగో వారానికి నా జుట్టు చెవుల మీదికి దిగింది. అల్లుడు ఒక సెలూన్ ముందు దింపి, "మావయ్యగారూ, పావుగంటలో వస్తా, కార్డు మీ దగ్గరే ఉంచండి" అని పాల కోసం వెళ్లాడు. బోర్డు మీద 24 డాలర్లు అని ఉంది. చేతుల నిండా పచ్చబొట్లున్న ఒక అమ్మాయి నా పేరూ ఫోన్ నంబరూ రాసుకుని, పక్కల ఏ నంబర్ కావాలంది. క్షవరానికి నంబర్లుంటాయని నాకేం తెలుసు, "మీడియం" అన్నాను. పదకొండు నిమిషాల్లో అయిపోయింది. తల మర్దనా లేదు, మెడ విరవడం లేదు, ఊళ్లో ఎవరు ఎక్కడ స్థలం అమ్మారన్న కబురూ లేదు. తర్వాత ఒక ట్యాబ్ నా వైపు తిప్పి ఎదురుగా నిలబడింది. టిప్పు ఎంత శాతమో నొక్కమని 18, 20, 25 అని మూడు గళ్లు. కళ్లజోడు తీసి పక్కన పెట్టానుగా, తడుముకుంటూ నొక్కితే వేలు 25 మీద పడింది. మొత్తం ముప్పై. ఆ అమ్మాయి ఎంత సంతోషంగా థాంక్యూ చెప్పిందంటే మళ్లీ వెనక్కి తిప్పమనడానికి నోరు రాలేదు.

నేను బ్యాంకులో ముప్పై నాలుగేళ్లు చేసినవాణ్ణి, డాలర్లని అప్పటి రేటు 85తో గుణించకుండా ఉండలేకపోయాను. 2,550 రూపాయలు. తెనాలిలో మర్దనాతో కలిపి 120 ఇస్తాను. అంటే దాదాపు రెండేళ్ల క్షవరాలు పదకొండు నిమిషాల్లో అయిపోయాయి.

విచిత్రం ఏమిటంటే పాలు చవకే. గ్యాలన్, అంటే మూడు ముప్పావు లీటర్లు, మూడు డాలర్ల పైచిలుకు. లీటరు లెక్క వేస్తే మన ప్యాకెట్ పాలకి ఇంచుమించు సమానం. వండుకునే సరుకుల మీద నెబ్రాస్కాలో అమ్మకం పన్ను కూడా లేదు. అదే హోటల్లో కూర్చుంటే మాత్రం ఏడు శాతం పన్ను, దాని మీద ఒమాహా ఊరు విడిగా హోటళ్ల మీద వేసే రెండున్నర శాతం, ఆపైన టిప్పు. ఒక ఆదివారం నలుగురం తిన్న 62 డాలర్ల దోసెలూ ఇడ్లీలూ బయటికొచ్చేసరికి 79 అయ్యాయి, అదీ చట్నీ రెండోసారి అడగకుండానే. ఇండియన్ షాపులో కరివేపాకు పది రెబ్బలు రెండు డాలర్లు. ఇక్కడ కూరగాయలమ్మి కొసరుగా పడేసే కరివేపాకు! మా ఆవిడ ఆ పొట్లాన్ని మందుబిళ్లల్లా లెక్కపెట్టి వాడింది.

మనిషి చెయ్యి పడితే చాలు, అక్కడ దేని ధరైనా ఆకాశానికి పోతుంది. అందుకే మా అల్లుడు కారు బ్యాటరీ కూడా యూట్యూబ్ చూసి తనే మార్చుకున్నాడు. ఆ కారు లేకపోతే అడుగు కదలదు. డాడ్జ్ స్ట్రీట్ మీద బస్సు డాలరుంపావే, వెస్ట్‌రోడ్స్ మాల్ దగ్గర ఎక్కి డౌన్‌టౌన్ దాకా హాయిగా వెళ్లొచ్చాను, కానీ ఆ బస్సెక్కడానికి ముందు కార్లో దింపాలి. బస్సు చవకే, బస్సు దాకా వెళ్లడమే ఖరీదు.

ఆ రోజు కార్లో ఇంటికి తిరిగొచ్చేటప్పుడు అల్లుడు డండీ అనే పేట వైపు తిప్పి అపర కుబేరుడు వారెన్ బఫెట్ ఇల్లు చూపించాడు. 1958లో 31,500 డాలర్లకి కొన్నారట, ఇప్పటికీ అదే ఇల్లు. అప్పుడు డాలరు ఐదు రూపాయల లోపే, అంటే లక్షన్నర. ఆయన క్షవరానికి ఎంత ఇస్తారో అని నా ఆలోచన.

ఆ రాత్రి పాపని పడుకోబెట్టాక, ఊరికే అడిగినట్టుగా, డేకేర్‌కి ఎంతవుతుందమ్మా అన్నాను. అమ్మాయి బట్టలు మడతపెడుతూ, తలెత్తకుండా "నెలకి 1,300, నాన్నా" అంది. పాపని చూసుకుంటూ మేముండే ఆరు నెలలకి 7,800. మా ఇద్దరి టికెట్లూ ఇన్సూరెన్సూ కలిపి అందులో సగం కూడా కాలేదు. లెక్క పూర్తయ్యాక నేనేమీ అనలేదు. మా ఆవిడ మాత్రం "మరి మనకి టిప్పు ఎవరిస్తారు?" అంది, అమ్మాయి నవ్వింది గానీ కళ్లు తుడుచుకుంది కూడా.

తర్వాతి నెల అల్లుడు ముప్పై ఐదు డాలర్లు పెట్టి ట్రిమ్మర్ తెచ్చాడు. బాత్రూమ్‌లో స్టూలు వేసి, పాత తువ్వాలు కప్పి, మా ఆవిడే కత్తిరించింది. ఎడమ చెవి పైన కాస్త ఎక్కువే పోయింది. అయ్యాక చెయ్యి చాపి నిలబడింది. "పద్దెనిమిది శాతమైనా పర్లేదు" అంది.