కొల్లేటి కిక్కిసలో ఒక పగలు

మాఘమాసం మొదట్లో ఏలూరు నుంచి కైకలూరు వెళ్లి, ఆటపాకలో గూడబాతులను కాసేపు చూసి, అక్కడి నుంచి ఒక లంక గ్రామానికి చేరుకున్నాను. కొల్లేటికి ఎక్కువమంది పక్షుల కోసమే వస్తారు. నేను వెళ్లింది మాత్రం ఆ సరస్సు నీటిలో పెరిగే కిక్కిస గడ్డి కోసం. చిన్నతనంలో మా అమ్మమ్మగారి వంటపాక కప్పు ఆ గడ్డిదే కావడం వల్ల, అది పెరిగే చోట దాన్ని చూడాలన్న కోరిక నాలో ఏళ్లుగా ఉండిపోయింది.

తాటిదోనెలో నన్ను ఎక్కించుకున్న పెద్దాయన గెడ వేస్తూ ముందుగా జమ్ముకూ కిక్కిసకూ తేడా చూపించారు. జమ్ము ఆకు బద్దలా నేరుగా నీటి నుంచి లేస్తుంది, దాని కంకి గోధుమరంగు కడ్డీలా ఉంటుంది. కిక్కిసకు వెదురులాగా కణుపులున్న బోలు కాడ, కణుపు కణుపుకూ ఆకు, కొసన కుచ్చులా వేలాడే వెన్ను ఉంటాయి. నేను దోనెలో నిలబడి చేయెత్తినా ఆ వెన్ను అందలేదు. గాలి వీచినప్పుడు ఆ పొద అంతా ఒక్కసారిగా ఒరిగి, ఎండుటాకులు రాసుకుని చేసిన గరగర శబ్దం నాకు ఇప్పటికీ చెవిలో ఉంది.

"ఇదివరకు ఈ రోజులకి ఇంత కిక్కిస నిలబడి ఉండేది కాదు బాబూ, ఊరంతా కొడవళ్లు పట్టుకుని దిగేవాళ్లం. ఇప్పుడు డాబాలొచ్చాయి, కోసేవాళ్లు లేరు" అన్నారాయన. పాకల కప్పులకు, దొడ్లకు కట్టే దడులకు, తడికలకు అప్పట్లో ఈ గడ్డే ఆధారమట. లేత చిగురు గేదెలకు మేతగా పనికివచ్చేదట. కిక్కిస పెరిగిపోయి నీటిదారులు పూడుకుపోతున్నాయన్న ఫిర్యాదు నేనూ వింటూనే ఉన్నాను. దాదాపు 60 కిలోమీటర్ల ఉప్పుటేరు ఒక్కటే ఈ సరస్సు నీటిని సముద్రానికి చేర్చాలి కాబట్టి ఆ భయం న్యాయమైనదే. అయితే ఏటా కోసి వాడుకున్న గడ్డిని వాడటం మానేసి, ఆ తరువాత దాన్ని కలుపు అనడం నాకు సబబుగా తోచలేదు. కోయకుండా వదిలిన కాడలు అక్కడే కుళ్లి, అడుగున పేరుకుని, సరస్సును ఇంకా మెరక చేస్తాయి.

ఈ గడ్డి చేసే మరో పని కంటికి కనిపించదు. దాని బోలు కాడ గుండా గాలి కిందికి దిగి బురదలోని దుంపవేళ్లకు అందుతుంది. అందులో కొంత ప్రాణవాయువు వేళ్ల నుంచి బురదలోకి చేరి, మురికిని విరగ్గొట్టే సూక్ష్మజీవులకు ఊపిరి పోస్తుంది. కంకర పరిచిన మడుగుల్లో ఈ జాతి రెల్లును నాటి మురుగునీటిని శుభ్రం చేసే పద్ధతి అందుకే వచ్చింది. పట్టణాల మురుగూ చేపల చెరువుల మందులూ వచ్చి చేరే కొల్లేటికి ఇంతకంటే కావలసిన మొక్క ఏముంటుంది? 1999లో అభయారణ్యంగా ప్రకటించినా, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరినా, 2006లో సరస్సులో తవ్విన చేపల చెరువుల గట్లు కొట్టినా, ఆ మురుగు రాక ఆగలేదు.

నీటికి పైన కోస్తే మళ్లీ చిగురిస్తుందనీ, నీటి లోపల కోసి కాడ మునిగిపోయేలా చేస్తే దుంప ఊపిరాడక చస్తుందనీ పెద్దాయన చెప్పారు. కావలసిన చోట ఉంచుకోవడానికి, అక్కర్లేని చోట తీసేయడానికి ఇంత సులువైన ఉపాయం ఉందని అప్పటిదాకా నాకు తెలియదు.

తిరిగి వచ్చేటప్పుడు, అభయారణ్యం హద్దు బయట తన కాలువ గట్టు కోసుకుపోకుండా కిక్కిస నాటిన ఒక రైతును ఆయన పరిచయం చేశారు. విత్తనం సరిగ్గా మొలవదనీ, రెండు మూడు కణుపులున్న దుంపముక్కలను తొలకరికి ముందు తడి బురదలో పాతాలనీ, చిగురు నీటిపైకి వచ్చేవరకు లోతు నీరు నిలవనీయకూడదనీ ఆ రైతు చెప్పారు. ఒకసారి నిలదొక్కుకుంటే ఏళ్ల తరబడి తిరిగి నాటే పని ఉండదట. గట్టు వెంట పాకిన దుంపలను కాలితో తట్టి చూపిస్తూ, "ఈ ఏడు కోసిన మోపులతో పశువుల పాక కప్పానండి, రండి చూద్దురుగాని" అని ఆయన ముందుకు నడిచారు. ఆ చూరు కింద తల వంచి లోపలికి వెళ్లగానే, బయటి ఎండ వెనకబడి, అమ్మమ్మగారి వంటపాకలోని చల్లదనమే ఒంటికి తగిలింది.